సమాధుల తోటలో వయసులు

"సమాధానం గారూ, మీ పేగులోంచి తీసిన పాలిప్, అదే ఆ బుడిపె, ఇంకా క్యాన్సర్ కాలేదు. కానీ దాంట్లో కనబడిన జన్యుమార్పు మీ రక్తంలోనూ ఉంది. మీ ఇంట్లో పేగు జబ్బుతో ఎవరు ఏ వయసులో పోయారో రేపు రాసుకురండి," అంది డాక్టరమ్మ.

ఆ రాత్రే సమాధానం టార్చి పట్టుకుని సముద్రం పక్కనున్న సమాధుల తోటకి వెళ్ళాడు. సున్నం కొట్టిన శిలువల మీద వెలుగు వేసి రాసుకున్నాడు. తాతకి అరవై రెండు. నాన్నకి యాభై. అన్న లాజరస్‌కి ముప్పై ఏడు.

వయసు తరుగుతూ వస్తోంది. రాస్తున్న చెయ్యి ఆగింది.

జేబులో ఫోను మోగింది. నెల్లూరు హాస్టల్లో ఉన్న కూతురు షారన్. దానికి పందొమ్మిదేళ్ళు.

"నాన్నా, అమ్మకి చెప్పబాక. నీకు మొదట్లో విరేచనంలో రక్తం ఒక్కటే పడిందా, నొప్పి కూడా ఉండిందా?"

"ఎందుకమ్మా?"

"ముందు నువ్వు చెప్పు నాన్నా."