దొరకని డబ్బా

“ఇదే ఆఖరి ఆదివారం అమ్మా. ఇకమీదట మనం కలవడం కుదరదు.”

పక్షుల కోసం కాపాడుతున్న ఆ పార్కు గేటు దాటీ దాటగానే అనేశాడు పెద్దాయన. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. దారి పొడవునా మననం చేసుకున్న మాట అది. ఇంకాసేపు ఆగితే నోట్లోనే మింగేస్తానని భయం వేసింది.

ఫోను చూసుకుంటున్న కోడలు తలెత్తింది. కోడలంటే, మొన్న వేసవిలో కోర్టు కాదనేదాకా కోడలు.

“మీ అబ్బాయి వద్దన్నారా?”

“వాడికి సంబంధం కుదిరింది. వచ్చే పిల్ల తరఫువాళ్ళు ఏమనుకుంటారోనని వాడి బాధ. నాకు లేని చుట్టరికం నీకెందుకు నాన్నా అన్నాడు.”

“మీరేమన్నారు మామయ్యా?”

“ఏమంటాను? వాణ్ణి కన్నవాణ్ణి.”

ఆమె ఫోనులో బాణం చూపిస్తున్న వైపు నడిచింది. ఎవరో దాచిన డబ్బాను ఫోను గుర్తులతో వెతికి పట్టుకునే ఆట అది. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమే ఆయనకు నేర్పింది. ఊళ్ళో ఉన్న డబ్బాలన్నీ ఇద్దరూ కలిసి పట్టేశారు. ఈ పార్కు కాలిబాటలోది ఒక్కటే మిగిలింది. “అది దొరికేదాకా మన ఆట అయిపోయినట్టు కాదు” అని ఆమె కోర్టు మెట్ల మీద అంది. ఆ ఒక్క సాకుతోనే ఆదివారం ఆదివారం వస్తున్నారు.

నిజానికి పెద్దాయనకు అది మొదటి వారమే కనబడింది. చిత్తడి నేల మీద వేసిన చెక్క వంతెన చివర, ఎండిన మొద్దు తొర్రలో. కోడలు అటు తిరిగి కొంగల్ని చూస్తుంటే, గుప్పెడు ఆకులు తెచ్చి దాని మీద కప్పేశాడు. ఇక అప్పట్నుంచీ ఆమె వంతెన వైపు అడుగేస్తే చాలు, మోకాలు నొప్పి అనేవాడు. లేకపోతే ఏదో గుబురు చూపించి, “అందులో వెతికామా?” అనేవాడు. జన్మంతా జనాన్ని వేళకు చేర్చినవాడు, ఈ ఒక్క పిల్లను మాత్రం తిప్పిన దారినే తిప్పుతూ వచ్చాడు.

ఇవాళ ఆమెను ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పలేదు.

“వంతెన చివర ఓసారి చూద్దాం పద తల్లీ.”

“మీ మోకాలో?”

“దాని ఏడుపు అది ఏడుస్తుందిలే.”

వంతెన మీద ఆమె అడుగులో అడుగేస్తూ నడిచింది. మొద్దు దగ్గరకు రాగానే ఆగిపోయింది.

“ఇక్కడ ఉండదులెండి. వెళ్దాం.”

“చూడకుండానే ఉండదంటే ఎలా? చెయ్యి పెట్టు.”

ఆమె కదల్లేదు. ఆయనే మోకాలు పట్టుకుని వంగి తొర్రలో చెయ్యి పెట్టాడు. ఎండుటాకులు తగిలాయి. వాటి కింద తడి మట్టి తగిలింది. మోచేతిదాకా దూర్చి నాలుగు వైపులా తడిమాడు.

“ఇక్కడే కదా నేను కప్పింది,” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆమెకు కోపం రాలేదు. ఆయన చెయ్యి బయటికి తీసి, అంటిన మట్టిని తన రుమాలుతో తుడుస్తూ కూర్చుంది.

“మీరు కప్పడం చూశాను. మర్నాడే వచ్చి తీసుకెళ్ళి ఇంట్లో దాచేశాను మామయ్యా, అది దొరికిపోతే మీరిక రారేమోనని.”