నలభై ఒకటో కొక్కెం

అది మార్చి తొమ్మిది. మధ్యాహ్నం రొట్టె, ఉడికించిన గుడ్లు తిని, నేనూ బావమరిదీ ఏటా జరిగే సముద్రపు ఈత పోటీకి వెళ్లాం. ఈతగాళ్ల నంబర్ల రేకు బిళ్లలు చూసే గది బాధ్యత నాది, కాపలా పడవల బాధ్యత వాడిది. ఒడ్డుకు చేరినవాళ్లు తమ నంబరున్న కొక్కేనికి బిళ్ల తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి ఇంకా నీళ్లలో ఉన్నట్టే.

చీకటి పడేసరికి నలభై ఒకటి ఒక్కటే ఖాళీగా ఉంది.

"అక్క నంబరే కదా బావా, ఎవరికీ ఇవ్వలేదు. పడవల్ని కాసేపు ఆపమంటావా?" అన్నాడు వాడు.

పదకొండేళ్ల కిందట ఇదే పోటీలో మా ఆవిడ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, బిళ్లా దొరకలేదు. ఏటా నేను పడవల్ని ఆపమంటాను, వాడు విసుక్కోకుండా ఆపుతాడు.

"వద్దులే, పంపించెయ్," అన్నాను మొదటిసారి.

ఇంజన్ల చప్పుడు దూరమైంది. లైటు ఆర్పబోతుంటే వెనక నీటి చుక్క పడిన చప్పుడైంది. తిరిగి చూశాను. నలభై ఒకటో కొక్కేనికి తుప్పు పట్టిన బిళ్ల ఊగుతోంది. కింద నేలంతా పొడిగా ఉంది, ఆ ఒక్క చుక్క తప్ప. స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచాను.

"గోడకి అతుక్కుపోయావా బావా?" బయటినుంచి బావమరిది కేకేశాడు.

"వస్తున్నా. అందరూ వచ్చేశారు."

నా తువ్వాలు కుర్చీ మీద పెట్టి, లైటు ఆర్పకుండా, చప్పుడు కాకుండా తలుపు వేశాను.