ఎర ఓడ

ఫోరంలో గొడవ మొదలైందని తెలియగానే పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అది పాతకాలపు తెరచాప ఓడల యుద్ధం ఆట. అభిమానులు సొంతంగా కొత్త ఓడలు, జెండాలు, ఫిరంగులు తయారుచేసి దానికి కలుపుతుంటారు. వాటిని మాడ్‌లంటారు. వాళ్ళందరూ చేరే ఫోరానికి ఆయన మోడరేటర్. అక్కడ అందరివీ మారుపేర్లే. ఆయన్ని మాత్రం పెద్దాయన అంటారు. చండశాసనుడు. ఒకరి పని ఇంకొకరు కాపీ కొడితే శాశ్వతంగా గెంటేస్తాడు. కాళ్ళావేళ్ళా పడినా వినడు.

ఈసారి ఫిర్యాదు చేసింది తుప్పులంగరు. లిఫ్టులు బాగుచేయడం అతని పని, ఖాళీ దొరికితే కంప్యూటర్లో ఓడలు కట్టడం పిచ్చి. ఫిర్యాదు ఉప్పుగాలి మీద. ఆవిడ కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. స్నేహితులంతా బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక నావికుడిగా మారిపోయి ఆడే ఆటకు ఆవిడ కథ రాసింది. కథ, పటాలు అన్నీ ఫోరంలోనే పెట్టుకుంది. ఆదివారమే ఆట. పొరుగూళ్ళ నుంచి కూడా వస్తున్నారు. ఈలోగా గెంటేస్తే కథా పోతుంది, పటాలూ పోతాయి, పరువూ పోతుంది.

“నా ‘నీలికంటి’ ఓడని ఎత్తేసింది సార్!” ఫోన్లో అరిచాడు తుప్పులంగరు.

పెద్దాయన నవ్వాడు. “చరిత్రలో ఉన్న ఓడ నీ సొత్తెలా అవుతుందయ్యా? రేపు సముద్రం కూడా నాదే అంటావు. పోయి పని చూసుకో.”

“చరిత్రలో లేదు సార్. అది ఎర!”

“ఎరా?”

“నా ఓడలు కొట్టేసేవాళ్ళని పట్టుకోడానికి నాలుగేళ్ళ కింద నేనే పుట్టించా. దాని మీద ఒంటికన్ను పిల్లి ఉంటుంది చూడండి, అది మా పిల్లి. ఒక్క గుండైనా పేల్చకుండా తెల్లజెండా ఎత్తేసిన కెప్టెన్, మా మావగారు. మీసాలతో సహా!”

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. గ్లాసెడు మంచినీళ్ళు తాగాడు.

“సరిగ్గా గుర్తు తెచ్చుకో బాబూ. ఎక్కడో చదివి మర్చిపోయుంటావు.”

“చదవడమా? స్కూలు దాటాక పుస్తకం ముట్టుకుంటే ఒట్టు!”

ఇక ఉప్పుగాలి పని అయిపోయినట్టే. ఫోరంలో జనం అప్పుడే పోగై తమాషా చూస్తున్నారు. పెద్దాయన మాత్రం ఆవిడకు విడిగా ఫోన్ చేశాడు.

ఆవిడ గొంతులో ఏమాత్రం బెదురు లేదు. “ఆయన మాడ్ నేను చూడనే లేదు సార్. నౌకాయుద్ధాల చరిత్ర మీద మంచి పుస్తకం ఒకటుంది. నీలికంటి గురించి అందులో ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. పిల్లి, మీసాలు, అన్నీ! ఫొటో తీసి ఫోరంలో పెట్టమంటారా?”

“వద్దు!”

పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న భార్య ఉలిక్కిపడింది. ఆయన వెంటనే గొంతు తగ్గించాడు. “వద్దమ్మా. మీ మాట చాలు. మీలాంటివాళ్ళు అబద్ధమాడతారా?”

భార్య తువ్వాలు చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. “ఎవరండీ ఆవిడ? మొన్న మీ సొంత మేనల్లుడు ఒక్క జెండా కాపీ కొట్టాడని, ఏడ్చి మొత్తుకున్నా వినకుండా గెంటేశారు. ఈవిడ మీద అంత జాలి పొంగుకొచ్చిందేమిటో?”

“నీకు తెలీదు, ఊరుకో.”

“తెలీకేం? ఇన్నేళ్ళ కాపురంలో నీ మాట చాలని నాతో ఒక్కసారైనా అన్నారా?”

ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది. వెంటనే మళ్ళీ తుప్పులంగరు ఫోన్. ఆవిడ ఏదో పుస్తకంలో చదివిందటయ్యా అని పెద్దాయన నసిగాడు.

“ఆ పుస్తకమేదో చూపించమనండి సార్. మా పిల్లిని చరిత్రకెక్కించిన మహాపండితుడెవరో చూడాలి. మా మావగారి చేత శాలువా కప్పించి మరీ ఊరేగిస్తా!”

పెద్దాయన మొట్టమొదటిసారి ఒక సభ్యుణ్ణి బతిమాలాడు. బుజ్జగించాడు. అతని ఓడలను ఫోరం మొదటి పేజీలో పెడతానన్నాడు. ఎర సంగతి బయటపడితే అసలు దొంగలు జాగ్రత్తపడిపోరా అని చెవిలో వేశాడు. ఆ మాటకు తుప్పులంగరు మెత్తబడ్డాడు.

తీర్పు వెలువడింది. ఉప్పుగాలి తప్పేమీ లేదు. ఈ విషయం ఇక ఎవరూ ఎత్తకూడదు. చర్చ మొత్తం చెరిపేశాడు. పైకి గంభీరమే గానీ పెద్దాయన మనసు వెన్న అని జనం చప్పట్ల బొమ్మలు కుప్పలుగా పోశారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడే ఉప్పుగాలి నుంచి మెసేజ్ వచ్చింది: “చాలా థాంక్స్ సార్, ఆదివారం మీరూ వచ్చి నా కాపీ మీద సంతకం పెట్టాలి, మీరు రాసిన ఆ పుస్తకం వెనక అట్ట మీద మీ పరిచయంలో ఈ ఫోరం పేరు చూసే కదా నేనిందులో చేరింది!”