గురువారం ఎత్తు

"ఆ ముసలాయన పాస్టరే. కావాలంటే పందెం."

"కాదన్నయ్యా. చావు హక్కు సంఘం మనిషి."

వంటింట్లో యెల్లె, చెల్లెలు హిల్కే గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. ఈ మధ్య ప్రతి గురువారమూ ఇదే గొడవ.

ముందు గదిలో వాళ్ళమ్మ ఫ్రౌకే ఎదురుగా కూర్చుని డౌవె అనే ముసలాయన డ్రాఫ్ట్స్ ఆట గళ్ళబల్ల వంక చూస్తున్నాడు. ఆయనెవరో అమ్మ చెప్పదు. చేతులు వణుకుతాయి. చాలాసేపు ఆలోచించి ఒకే ఒక్క బిళ్ళ కదుపుతాడు. అంతే, ఆ వారానికి ఆట సరి. పై గురువారం వచ్చినప్పుడు అమ్మ ఒక బిళ్ళ కదుపుతుంది.

ఒక కప్పు కాఫీ, ఒక బిస్కెట్. అమ్మ డబ్బా మూత పెట్టగానే లేచి టోపీ పెట్టుకుంటాడు.

"ఈ లెక్కన ఆట తేలేసరికి నా మనవలకి పెళ్ళిళ్ళవుతాయి," అన్నాడు యెల్లె.

హిల్కేకి నవ్వు రాలేదు.

అమ్మకి కడుపులో కాన్సర్. ఇక ఈ నొప్పి పడలేను, పంపించెయ్యండి అని ఆమే అడిగింది. డాక్టరు చేతి మీదుగా అలా వెళ్ళడానికి ఆ దేశంలో చట్టం ఒప్పుకుంటుంది. ఇంటి డాక్టరు సరేనన్నాడు. తరువాత వచ్చి మాట్లాడి వెళ్ళిన రెండో డాక్టరూ సరేనన్నాడు. అమ్మ ఒక రోజు చెప్పడమే మిగిలింది. అది ఆకులు రాలే కాలం నాటి మాట. ఇప్పుడు కాలవ గట్టున తులిప్ పూలు విచ్చుకున్నాయి.

"నొప్పొచ్చినప్పుడల్లా పళ్ళు బిగించి 'గురువారం దాకా చూద్దాం' అంటుంది," అన్నాడు యెల్లె. "ఈయన వచ్చి వెళ్ళాక 'ఇంకో వారం' అంటుంది. చర్చి వాళ్ళు కాకపోతే ఇంకెవరు చేస్తారీ పని?"

"మరి నేను విన్నదో? 'పోవడానికి తాగే మందు నయమా, సూది నయమా?' అని అడుగుతున్నాడు. కూరలు బేరమాడినట్టు! అమ్మేమో నవ్వుతోంది."

"అమ్మ ప్రాణం అమ్మది హిల్కే. వెళ్తానంటే వెళ్ళనివ్వాలి."

"నీకంత తేలిగ్గా ఉంటే నువ్వు వెళ్ళనివ్వు. నా వల్ల కాదు."

అనేసింది గానీ, మొన్న అమ్మ దిండు అంచు కొరుకుతుంటే 'ఇక చాలమ్మా, వెళ్ళిపో' అన్న మాట తన నోటి దాకా వచ్చింది. ఉండమనడం అమ్మ మీద ప్రేమో, తన భయమో హిల్కేకి తెలియడం లేదు.

ఒక్క విషయంలో మాత్రం అన్నాచెల్లెళ్ళకి మాట కలిసింది. ఆ మనిషి ఇక రాకూడదు.

మరుసటి గురువారం హిల్కే గేటు దగ్గరే నిలబడింది. ఎదురుగాలిలో చక్రాల ఊతబండి నెట్టుకుంటూ డౌవె వచ్చాడు.

"అమ్మ బాగా అలసిపోతోందండీ. ఇక మీరు రాకండి."

ఆయన టోపీ తీశాడు.

"ఈ వారం ఎత్తు మీ అమ్మదమ్మాయ్."

"ఆమె ఉన్న స్థితిలో ఆట అంత ముఖ్యమా?"

"ముఖ్యమే," అన్నాడాయన. "ఇది అమ్మ మాటా?" అని అడిగాడు.

"ఇంట్లో అందరి మాటే," అని అబద్ధమాడింది హిల్కే.

ఆయన కిటికీ వైపు చూశాడు. అద్దం వెనక అమ్మ కునుకు తీస్తోంది.

"అయితే అందరూ మనసు గట్టి చేసుకున్నారన్నమాట. అయినవాళ్ళు సిద్ధపడ్డాక పరాయివాణ్ణి నేను అడ్డుపడకూడదు."

ఆ మాటకి అర్థమేమిటో హిల్కేకి బోధపడలేదు. అడిగేలోపే ఆయన బండి తిప్పుకున్నాడు.

కునుకు నుంచి లేచిన అమ్మ బల్ల ముందు కూర్చుని చీకటిపడే దాకా ఎదురు చూసింది. తరువాత ఫోన్ మోగింది. అమ్మ 'అలాగా', 'అలాగే' అని మాత్రమే అంది. ఎవరని అడిగితే, "డౌవె గారు. కాళ్ళు సహకరించడం లేదట, ఇక రాలేరట," అంది.

గేటు దగ్గర జరిగింది ఆయన చెప్పలేదని హిల్కే ఊపిరి పీల్చుకుంది.

ఆ తరువాతి వారం ఆదివారం అందరూ కాఫీకి చేరారు. యెల్లె భార్య, పిల్లలు కూడా వచ్చారు. అమ్మ బిస్కెట్ డబ్బా తిప్పింది. అందరూ తీసుకున్నాక మూత పెట్టలేదు.

"ఇంకోటి తీసుకోండి," అంది.

ఆ ఇంట్లో రెండో బిస్కెట్ ఎవరూ ఎరగరు. పిల్లలు కూడా చెయ్యి చాపలేదు.

"వచ్చే శుక్రవారం రమ్మని డాక్టరుతో చెప్పాను," అంది అమ్మ, రేపు వాన పడుతుందేమో అన్నట్టు.



"ఆ ముసలాయనేనా నీకిది నూరిపోసింది?" అంది హిల్కే.

"డౌవె గారా? ఆయన మంగళవారమే వెళ్ళిపోయారు తల్లీ."

"ఎక్కడికి?"

"నేను వెళ్ళేచోటికే, నేను వెళ్ళే పద్ధతిలోనే. ఆయనకి డాక్టర్లు నాకన్నా ముందే సరేనన్నారు. ఆ రోజు ఫోన్ చేసి, 'ఫ్రౌకే గారూ, నేను ఓడిపోయాను, ఆట మీదే' అన్నారు."

హిల్కే అన్న వైపు చూసింది. యెల్లె తన కప్పులోకి చూసుకుంటున్నాడు.

"మాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చివరికి.

"చెబితే ఇంకేమన్నా ఉందా? ఎత్తు ఎత్తుకీ నా వెనకాల నిలబడి సలహాలిచ్చేవాళ్ళు."

అమ్మ తనే నవ్వుకుని, బల్ల మీది బిళ్ళలు ఒక్కొక్కటే సంచిలో వేసి మూతి బిగించింది.

"ఆట తేలేదాకా ఇద్దరిలో ఎవరమూ రోజు చెప్పకూడదని ఆయన మొదటిరోజే నా దగ్గర మాట తీసుకున్నారు హిల్కే, క్రిస్మస్ నాటి నుంచీ గెలిచే ఎత్తు ఆయన చేతిలోనే ఉంది, ఒక్కసారీ వెయ్యలేదు."