డ్రైవరెక్కిన కారు

ఆ రోజుల్లో డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నని దారిలో రెండేసి కార్ల పరుగు పందేల్లో, రేసర్లందరూ ఇంట్లో కూర్చునే కార్లు నడిపేవారు. తెనాలిలో హైమవతీ అంతే. స్టవ్ మీద కుక్కర్ పెట్టి, కారు ముందున్న దారిని కళ్ళకు చూపించే హెల్మెట్ తలకు తగిలించుకుని, ఎక్కడో దొనకొండ పాత విమానాశ్రయం రన్‌వే మీదున్న తన ఎర్ర కారును ఉరికించేది. విజిల్ వచ్చేలోపు పందెం అయిపోయేది. ఏళ్ళ తరబడి గెలుస్తున్నా ఆ కారును ఆమె ఒక్కసారైనా ముట్టుకోలేదు.

ఆ సీజన్ ఆఖరి పందేనికి మాత్రం కారెక్కి తోలతానంది. నిబంధనలు ఒప్పుకునేవి గానీ, ఎవరూ ఆ పని చేసేవారు కాదు.

"నీ బరువుకి బండి వెనకబడుద్ది. కప్పు పోద్ది హైమా," అన్నాడు భర్త ప్రభాకర్.

"పోతే పోనీండి. నా కారు ఎట్టా ఉంటదో నాకే తెలీదు."

పందెం రోజు ప్రభాకర్ దొనకొండకి వెంట వెళ్ళి, బెల్టులు తనే బిగించాడు.

పచ్చదీపం వెలిగింది. ఎవరో సీటుకేసి అదిమిపెట్టినట్టయింది. ఆమె ఊపిరి తీసుకునేసరికి పక్క కారు గీత దాటేసింది. కప్పు పోయింది. హైమవతి పగలబడి నవ్వుతూ దిగి, కారు వేడి ఒంటి మీద అరచెయ్యి ఆనించింది.

గెలిచిన నఫీసా కడపలో తన ఇంటినుంచి ఫోన్ చేసింది.

"లోపల కూర్చుంటే ఎట్లుంటాది అక్కా?"

"నోటితో చెప్పలేనమ్మా. వచ్చే సీజన్‌కి నువ్వూ ఎక్కు."

"సరే అక్కా. ఇద్దరం ఎక్కితే బరువు సమానమైపోతాదిలే," అంది నఫీసా.