వెనక లైటు

"అది నీకు పనికిరాదు, దిగు," అన్నాడు మెకానిక్ లెలాండ్.

ఎత్తైన ఆరువందల యాభై సీసీ బండి మీద కూర్చున్న నెరేయాకు మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతున్నాయి. అయినా దిగలేదు.

"మంచి బలంగా ఉంది కదా!"

"బలం బండికి. కొండమీద రాళ్లలో పడితే ఎత్తాల్సింది నువ్వు. ఎత్తగలవా?"

ఆమె దిగింది. మూలనున్న పాత రెండువందల యాభై సీసీ బండిని అతను తోసుకొచ్చాడు. ఈసారి రెండు పాదాలూ నేలకు ఆనాయి. కాని అది మట్టిదారుల బండి. అద్దాలు లేవు, హారన్ లేదు, లైట్లు లేవు.

నెరేయాకు మట్టిదారొక్కటే చాలదు. తండ్రి వేసవంతా కొండమీద గొర్రెల మందతోనే ఉంటాడు. వానలకు దారి కోసుకుపోయి జీపు ఎక్కడం లేదు. ఆయన దగ్గరున్న ఇన్సులిన్ రేపటికి అయిపోతుంది. కొండదారి చేరాలంటే ముందు తొమ్మిది మైళ్లు హైవే మీద వెళ్లాలి. అందుకు బండికి తనిఖీ కాగితం కావాలి. ఆ లోయలో దానిమీద సంతకం పెట్టగలిగినవాడు లెలాండ్ ఒక్కడే.

పొద్దున మొదలుపెట్టారు. రోడ్డు టైర్లు, అద్దాలు, హారన్, ముందూ వెనకా లైట్లు, ఇండికేటర్లు బిగించేసరికి సాయంత్రం నాలుగైంది. నెరేయా హెల్మెట్ అందుకుంది.

లెలాండ్ చేతి బ్రేకు నొక్కాడు. వెనక లైటు వెలగలేదు.

"కాలి బ్రేకుకి వెలుగుతోందిగా! చాల్లెండి," అంది.

"రెండింటికీ వెలగాలి."

"ఎవరు చూడొచ్చారు?"

"వెనకొచ్చేవాడు."

"అక్కడ మా నాన్న ఒంటరిగా ఉన్నాడు! మీకేం, మీరు బండే ఎక్కరు. ఎక్కడికైనా నడిచే పోతారట!"

అనేసి నాలుక కరుచుకుంది. లెలాండ్ కోప్పడలేదు. వంగి స్విచ్ విప్పాడు. మరమేకు రెండుసార్లు చేజారి కింద పడింది. రెండుసార్లూ ఆమే ఏరి ఇచ్చింది. ఎర్రలైటు వెలిగాక గాని అతను సంతకం పెట్టలేదు.

వారం తర్వాత నెరేయా గొర్రెపాల జున్ను పట్టుకుని వచ్చింది.

"నాన్నకి మందు అందింది. కులాసాగా ఉన్నాడు," అంది. ఆ పైన గొంతు తగ్గించింది. "ఆరోజు మలుపులో జింక అడ్డొచ్చింది. చేతి బ్రేకే పట్టేశాను. వెనకాల పెద్ద ట్రక్కు. నాకు జానెడు దూరంలో ఆగింది. లైటు కనబడబట్టే ఆపగలిగానన్నాడు డ్రైవరు."

లెలాండ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అతను ఎలా ఉన్నాడు?"

"ఎవరు, డ్రైవరా? వణికిపోయాడు పాపం. కాసేపు స్టీరింగు మీద తలవాల్చి కూర్చుని, ఇంటికి వెళ్లిపోయాడు."

"ఇంటికి వెళ్లాడు," అన్నాడు లెలాండ్. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. "పదకొండేళ్ల కింద ఇదే హైవే మీద ఇలాంటి బండే. పొద్దు గూకుతోంది. కుర్రాడు బ్రేకు వేశాడు. లైటు లేదు. వెనకున్న ట్రక్కుకి తెలియలేదు. డారెన్ వాడి పేరు. పంతొమ్మిదేళ్లు."

నెరేయా అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆరోజు అన్న మాట గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెలీదు, లెలాండ్ గారూ. మీ అబ్బాయా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ట్రక్కు నడిపింది నేను."