కొసరు

"ప్లేటు భోజనం మూడొందల ఇరవయ్యా? దాంట్లో ఏమేస్తారు, బంగారమా?"

వాటర్ పార్కు క్యాంటీన్ ముందు రామనారాయణ గొంతు పెంచాడు. కౌంటర్లో మనిషి తల ఎత్తలేదు. "తినేటట్టయితే టోకెన్ తీసుకోండి సార్. లేదంటే పక్కకు జరగండి."

భార్య రేణుకాదేవి అతని చెయ్యి పట్టి లాగింది. "పిల్లల ముందర ఏందయ్యా ఈ గొడవ? ఈ ఒక్క పూటా తిందాం."

"నలుగురికి ఒక్క పూటకు పదమూడు వందలు. మూడు పూటలు తింటే రేపటి టికెట్ల డబ్బులు దీంట్లోనే అయిపోతాయి. ఏది కావాలో నువ్వే చెప్పు."

తొమ్మిదేళ్ల చైత్ర తడి బట్టలతోనే తండ్రి ముఖంలోకి చూసింది. "నాన్నా, రేపు గూడా ఉంటామన్నావు గదా! పెద్ద స్లైడ్ రేపెక్కుతానని అవ్వకు ఫోన్లో చెప్పినాను."

"ఉంటాం తల్లీ. కాటేజీలో స్టవ్వు ఉండాది. గంటలో బియ్యం తెస్తా."

ఉదయగిరి కొండ కింద కొత్తగా పెట్టిన ఆ పార్కులో కాటేజీకి రెండు రోజులకూ ముందే కట్టేశాడు. టికెట్లు మాత్రం ఏ రోజుకారోజు కొనాలి. ఆత్మకూరులో ఇరవై ఏళ్లుగా సిమెంటూ ఇనుమూ అమ్ముతున్న మనిషికి ఈ లెక్కకు కాగితం అక్కర్లేదు. వండుకుంటే రేపు ఉంది. కొనుక్కు తింటే రేపు లేదు.

కారు తీశాడు. టమాటాలు, గుడ్లు రోడ్డు పక్కనే చవగ్గా దొరికాయి. బియ్యం దగ్గరే చిక్కొచ్చింది. పార్కు ఎదుటి కొట్టువాడు కిలో తొంభై చెప్పాడు. తిట్టుకుంటూ రెండు కిలోమీటర్లు లోపలికి పోతే చిన్న పల్లె తగిలింది. అక్కడున్న ఒక్క చిల్లర కొట్టుకూ తాళం వేసి ఉంది. జనం మేకల వెంట, కూలి పనుల వెంట పోయినట్టున్నారు. వీధి చివర ఒక తెల్ల వ్యాను మాత్రం ఆగి ఉంది.

తాళం వైపే చూస్తూ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. రేగిన జుట్టు, నిద్ర లేని కళ్లు.

"ఏమ్మా, ఈడ బియ్యం యాడన్నా దొరుకుతాయా?"

ఆమె అతన్నీ, కారునూ చూసింది. "మా ఇంట్లో ఉండాయన్నా. రేషన్‌వి. కొట్టాయనకు ఇద్దామని వస్తే తాళమేసుకోని పోయినాడు. ఇరవై కిలోలు. ఐదొందలియ్యి."

"నాకు ఐదు కిలోలు చాలు."

"తీసుకుంటే మొత్తం తీసుకో అన్నా. డబ్బు పనుండాది."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె వ్యాను వైపే చూస్తోంది. రామనారాయణ అది కనిపెట్టాడు. తొందరలో ఉన్నవాడి దగ్గర కొనేటప్పుడు మనం తొందరపడకూడదు. వ్యాపారంలో అతను మొదట నేర్చుకున్నది అదే. కారుకు ఆనుకుని తీరిగ్గా నిలబడ్డాడు.

"మూడొందలు."

"బండాయనకే ఇంకా నాలుగొందలియ్యాల. అదన్నా ఇయ్యన్నా."

"యాడ్నుంచి వచ్చినారు బండిలో?"

"నెల్లూరు నుంచి."

"నెల్లూరు నుంచి సొంతంగా బండి మాట్లాడుకోని దర్జాగా వచ్చినోళ్ల దగ్గర నాలుగొందలు లేవా? బస్సులు తిరగడంలేదా ఏంది?"

ఆమె రేగిన జుట్టును ముడి వేసుకుంది.

"రేషన్ బియ్యం అమ్మితే కేసు, తెలుసునా? నేను గాబట్టి కొంటా ఉండా."

"తెలుసన్నా. ఇంట్లో అమ్మేదానికి ఇంకేం లేదు."

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. "మస్తానమ్మా! నేను మళ్లా నెల్లూరు పోవాల. డబ్బు తెచ్చిస్తేనే దించేది!"

సామాను పట్టి పెట్టినట్టున్నాడు అనుకున్నాడు రామనారాయణ. ఇక ఈమె ఎక్కడికీ పోదు. అయినా కిలో ఇరవై అంటే మంచి బేరమే.

"సరే, నాలుగొందలు. ఊరికే మూట ఎత్తుకోను. నా కళ్ల ముందర కొలవాల."

మస్తానమ్మ కొట్టు పక్కనే ఉన్న తన ఇంట్లోకి పరిగెత్తింది. మూటను ఈడ్చుకుంటూ వచ్చి, కిలో డబ్బాతో అతని సంచిలోకి కొలవసాగింది. ఆమె తొందరగా పోస్తే అతను ఆపాడు. "ఇది నిండలా. మళ్లీ ముంచు." ఏడో డబ్బా దగ్గర ఫోను మోగింది. చైత్ర.

"నాన్నా, ఆకలేస్తా ఉండాది."

"వచ్చేస్తున్నా తల్లీ. బియ్యం దొరికినాయి. రేపు గూడా ఉంటున్నాం, పో." ఫోను జేబులో పెట్టుకుని, "ఎన్నోది? ఆరా, ఏడా?" అన్నాడు.

"ఏడన్నా."

ఇరవై డబ్బాలూ పడ్డాయి. మూట అడుగున ఒక పిడికెడు మిగిలింది. మస్తానమ్మ గోనెను బోర్లించి, ఒక్క గింజ కింద పడకుండా ఆ పిడికెడూ కొంగులో పోసి ముడి వేసుకుంది.

"అదేంది? అది కొసరు. ఇట్లా ఎయ్యి."

"ఇది వొద్దులే అన్నా. పిడికెడే గదా."

"నేననేదీ అదే. పిడికెడే గదా, ఎయ్యి. ధరలో నువ్వు చెప్పినంతా ఇస్తా ఉండానా లేదా? కొసరు లేకుండా నేనింతవరకు ఏదీ కొన్లా." చేతిలోని నాలుగు నోట్లలో ఒకటి వెనక్కి తీసి జేబులో పెట్టుకోబోయాడు.

హారన్ మళ్లీ మోగింది. ఈసారి డ్రైవరు ఇంజను కూడా స్టార్ట్ చేశాడు.

మస్తానమ్మ ముడి విప్పింది. అరచేతిలో గింజలు పోసుకుని, వేలితో రెండు పాళ్లు చేసింది. ఒక పాలు అతని సంచిలో వేసింది. రెండోది మళ్లీ కొంగున కట్టుకుని నోట్ల కోసం చెయ్యి చాపింది.

"సగం తీసుకో అన్నా. బండిలోంచి దించినాక, పాడె ఎత్తేముందర మా నాయన నోట్లో పోసేదానికి ఈ సగం చాలు."